లిఖిత కట్టిన డిగ్లీపూర్ ఇల్లు

దీవిలోని అబర్డీన్ బజారులో గురువమ్మ టీ కొట్టు దగ్గర బాబ్జీ నోరు విప్పాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. కంప్యూటర్లు బాగుచేస్తాడు గానీ, కోతలు కొయ్యడంలోనే అతనికి ఎక్కువ పేరు. ఆ సాయంత్రం వింటున్నవాళ్లలో లోకనాథం మాస్టారు కూడా ఉన్నారు. బాబ్జీ చెబుతున్న కథలో రిపేరుకొచ్చిన కంప్యూటరు ఆయనదే. కిందటి వానాకాలం జ్వరంతో చనిపోయిన కూతురు లిఖిత, అందులో దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే ఆటలో, ఉత్తరపు కొసన తాము వదిలి వచ్చిన డిగ్లీపూర్ ఇంటిని అచ్చం అలాగే కట్టుకుంది. ఆమె పోయాక ఆ ఆట సగం తెరుచుకుని ఆగిపోతోంది. ఒక్కసారి ఆ ఇల్లు చూస్తే చాలునని మాస్టారు రోజూ వస్తున్నారు. తిండి మీద ధ్యాస లేదు, టీ మీదే బతుకుతున్నారని గురువమ్మ బాధ.

కంప్యూటరు రోగం చూడగానే తెలిసిపోయిందన్నాడు బాబ్జీ. ఆ ఆటని లోపల నడిపేది జావా అనే ప్రోగ్రాము. అది వంటావిడ లాంటిది. వండేకొద్దీ తొక్కలు పోగవుతాయి, మెమరీ అనే వంటగట్టు నిండిపోతే వంట ఆపి ఊడుస్తుంది, ఊడ్చినంతసేపూ ఆట కొయ్యబారిపోతుంది. అందుకని వంట ఆపకుండానే కొంచెం కొంచెంగా ఊడ్చుకోమని సెట్టింగు మార్చాడట. ఇంతవరకూ నమ్మొచ్చు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గట్టు చాలలేదు. ఎనిమిది జీబీ ఇచ్చాను, పదహారిచ్చాను, ఇలాక్కాదని ముప్పైరెండు తోసీసాను. ఫ్యాను తిరుగుడికి షాపు రేకులు లేచిపోతన్నాయి, బజారంతా కరెంటు పోయింది. జెట్టీకెళ్లి, కప్తాన్ సాబ్, ఏక్ తార్ దేదో అన్నాను. షిప్పులోంచి వైరు లాక్కొచ్చాను."

"షిప్పు ఆగిపోలేదేటి భయ్యా?" అన్నాడు పక్కనున్న నూకన్న.

"ఆగదా మరి? చెన్నై ప్యాసింజర్లంతా డెక్కు మీద నిలబడి నాకోసమే చూస్తన్నారు. అప్పుడు తెరుచుకుంది మాస్టారూ. కొబ్బరిచెట్లు, ఎనకాల సముద్రం. కెరటం లేస్తే నా చొక్కా తడిసిపోయింది. గుమ్మంలో మన అమ్మాయి నిలబడుంది. నాన్న భోంచేశారా అంకుల్ అనడిగింది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఒక్క క్షణం నమ్మేశారు. నమ్మినందుకే ఆయనకి ఏడుపొచ్చింది.

"ఆ డబ్బాలో ఉన్నది నాలుగు జీబీలే బాబ్జీ. అంతకంటే పట్టదని కొన్న రోజే చెప్పారు," అన్నారు నెమ్మదిగా. "తెరుచుకోలేదు కదూ?"

బాబ్జీ గ్లాసులోకి చూస్తూ, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ ఇల్లు ఇక కనపడదని మాస్టారికి అర్థమైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లేచి వెళ్లబోయి ఆగారు.

"రేపు కూడా చెప్పు. గుమ్మం దగ్గర్నుంచి మొదలెట్టు. అమ్మాయి అడిగితే, భోంచేశాననే చెప్పు."

గురువమ్మ బన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. కూతురికి అబద్ధం చెప్పడం ఇష్టం లేక, మాస్టారు మళ్లీ కూర్చుని దాన్ని తుంచి నోట్లో పెట్టుకున్నారు.