ఎదురింటి సంతకం

1968. తార్నాకలో యూనివర్సిటీ విద్యార్థులకు ఇంట్లోనే వండిపెట్టే ఆమె, ఎదురింటి రిటైర్డ్ గుమాస్తా ముందు కాగితం పెట్టింది.

"గీడ ఇండ్లే ఉండాలెనట సార్, ఫిర్యాదు వచ్చిందని మున్సిపాలిటోళ్లు మెస్సు నడపొద్దన్నరు. చుట్టుపక్కలోళ్లు ఒప్పుకుంటే మినహాయింపు ఇస్తరట. మీ సంతకమొక్కటే మిగిలింది."

"మీ పొగకు మా ఇంటామెకు దమ్ము వచ్చి ఊపిరాడుతలేదమ్మా."

"ఎరుకే సార్. కట్టెల పొయ్యి తీసేసి కిరసనాయిల్ స్టవ్ పెట్టిన."

"చూసిన." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఫిర్యాదు రాసిందెవరో ఆఫీసుల చెప్పిన్రా?"

"పేరు చెప్పలే, కాగితం చూపెట్టిన్రు. మా బిడ్డ స్కాలర్‌షిప్ దరఖాస్తు మీరే రాసిచ్చిన్రు గద, మీ చేతిరాత గుర్తుపట్టిన."

"తెలిసి కూడ నా దగ్గరికే వచ్చినవా?"

"మీరు రాసినదాంట్ల అబద్ధం లేదు గద సార్."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తరవాత పెన్ను తీసి సంతకం పెట్టాడు.