కత్తెర మావయ్య పోయిన కబురు

దర్జీ కాలు మెషిను మీదే ఉంది గాని మెషిను ఆడటం లేదు. పక్కన గుండీలు కుడుతున్న అక్క తలెత్తింది.

"ఏంట్రా, దారం తెగిందా?"

"కత్తెర మావయ్య పోయాడక్కా."

"నీ ఫోన్లో దర్జీల గ్రూపు ఆయనేనా? ఆయన వారానికోసారి పోతాడుగా!"

"అదే నా కొంప ముంచింది. జిప్పు మార్చే పని తగిలిందంటే చాలు, 'నేను పోయాను, వెతక్కండి' అని పెట్టేవాడు. మేం తలా ఓ వెటకారం కుట్టి పంపేవాళ్ళం. ఇవాళ 'కత్తెర మావయ్య ఇక లేడు' అని కనబడగానే, 'పైన దేవుడికి నాలుగు చేతులట, చొక్కా కుట్టలేక చస్తావు' అని రాసేశాను."

"అయితే?"

"ఈసారి రాసింది వాళ్ళమ్మాయి. నేను కిందదాకా చదవలేదు."

"అయ్యో! వెంటనే చెరిపెయ్యకపోయావా?"

"చెరిపేలోగా నలభైమంది నవ్వారు. నా రాత చూసి, వాళ్ళూ కిందదాకా చదవకుండానే నవ్వారు, పాపం."

"ఆ పిల్లకి ఫోన్ చేసి తప్పయిందని చెప్పు."

"నంబరేదీ? ఆ గ్రూపులో నంబర్లు కనబడవు, అన్నీ మారుపేర్లే. ఆరేళ్ళు రోజూ మాట్లాడుకున్నాం. ఆయనది ఎడమచేతి వాటమని తెలుసు, ఈమధ్య కాలరు దగ్గర చెయ్యి వణుకుతోందనీ తెలుసు. అసలు పేరు తెలీదు, ఊరు తెలీదు."

"ఆ పిల్ల ఏమన్నా అందా?"

"అంది. 'నాన్న ఈ ఫోన్ చూసుకుని రోజూ ఎందుకు నవ్వుకునేవారో తెలుసుకుందామని వచ్చాను' అంది."

"తర్వాత?"

"ఆయన ఖాతా మూసేసింది."