రాగి కాగులో మొహం

ఏం కనిపించింది? చెప్పమ్మా, కాగులోకి వంగి చూశావు కదా, ఏం కనిపించింది? ఆవిరేనా? అయితే ఇంకా ఆగాలి. మూత పెట్టకు, అలా వదిలెయ్. నీ థర్మామీటరు నువ్వు పెట్టుకో, నేను వద్దంటానా? కానీ ఇది ఒలివక్క కాగు. మరుగుతున్న నీళ్ళు దించి, ఆవిరి తేలిపోయి, నీ మొహం నీకు తేటగా కనబడ్డప్పుడే మాల్టు గింజలు పొయ్యాలనేది. తొందరపడితే గింజ చచ్చి ఊరుకుంటుంది, తీపి దిగదు. తీపి లేని నీళ్ళు పులిసి బీరవుతాయా, మత్తెక్కిస్తాయా!

ఒలివ్ హెస్లప్ అంటే మా పక్కింటావిడ. మొగుణ్ణి బొగ్గు గని మింగేసింది. పిల్లల్లేరు, కోళ్ళుండేవి. తమ్ముడు బార్లీ మొలకెత్తించి ఆరబెట్టే మాల్టు కొట్టంలో పనిచేసేవాడు, వాడు పంపిన బార్లీలో కొంత పొయ్యిలో వేయించేది, రంగు కోసం. ఆ రోజు వీధి వీధంతా రొట్టె మాడిన కమ్మటి వాసన. ఇంతకీ ఇది బట్టలుడకేసే కాగు, తెలుసా? మొదటిసారి సోమవారం ఉతుకుడయ్యాక సబ్బు సరిగ్గా కడగకుండానే కాచేసింది. అబ్బో! గ్లాసులో నురగ నిలవలేదు గానీ, తాగినవాళ్ళం ఎవరమూ రెండ్రోజులు దొడ్డి వదల్లేదు. "కడుపులు శుభ్రమయ్యాయిగా, ఇంకేం ఏడుపురా?" అంది, నవ్వకుండా.

ఆఁ, మీ తాత సంగతి కదూ. గనుల సమ్మె ఏడాది, క్రిస్మస్ పండగ వెళ్ళాక వచ్చే చలి. ఈ డర్హమ్ జిల్లా బొగ్గంతా మేమే తవ్వాం, మా పొయ్యిల్లో మాత్రం బూడిద! ఒళ్ళు మండదూ? దొరలు వెచ్చగానే ఉన్నారులే. మీ అమ్మ అప్పుడు చంటిది, ఒకటే దగ్గు. మీ తాత క్లిఫ్ మర్నాడు పొద్దున పనిలోకి పోతున్నాడని తెలిసిపోయింది. రాళ్ళ భయానికి కిటికీలకి ఇనుపవల కొట్టిన బస్సొచ్చి, సమ్మె విడిచినవాళ్ళని ఎక్కించుకుపోయేది. ఒక్కసారి ఎక్కాడా, ఇక ఈ ఊళ్ళో చచ్చేదాకా వాడితో ఎవడూ మాట్లాడడు. ఆ బస్సెక్కిన మా అన్నతో నేను మాట్లాడానా? వాడి సంగతి వదిలెయ్.

తెల్లారేసరికి నేను ఒలివక్క దొడ్లో గింజల బస్తా మోస్తున్నా. మీ తాత గోడవారనే పోతున్నాడు, తల వంచుకుని, జేబులో తిండి డబ్బా. నాకు నోటిదాకా బూతొచ్చింది. ఆవిడ నా కాలు తొక్కింది. "ఒరే క్లిఫూ, భుజం పట్టేసిందిరా, కాస్త తెడ్డు పట్టవూ? ఈ మొద్దుకి కలపడం రాదు." మొద్దంటే నేనే. "నాకు పనుందక్కా." "బస్సు వచ్చేదాకానే పట్టరా. ముందు చూసి చెప్పు, మొహం కనిపిస్తోందా?"

వంగాడు. "ఆవిరి."

"ఆగు మరి."

వీధి చివర హారన్ మోగింది. మనవాళ్ళ అరుపులు, పోలీసు గుర్రాల డెక్కలు. మీ తాత కదల్లేదు, వంగే ఉన్నాడు. ఆవిడ చీపురు తీసుకుని దొడ్డి ఊడుస్తోంది, ఏమీ పట్టనట్టు. "ఇప్పుడో?" అంది. మీ తాత ఇంకాస్త వంగాడు. అప్పుడు మెల్లిగా, "కనిపిస్తోందక్కా. గడ్డం గీసుకోలేదు వెధవ," అన్నాడు.

"పొయ్యరా గింజలు!" అని నా మీద అరిచింది. "క్లిఫూ, నువ్వు తెడ్డు ఆపావంటే ఉండలు కడుతుంది, చంపుతా!"

బస్సు పోయింది. వేడి పోకుండా ఇద్దరం కలిసి కాగుకి దుప్పట్లు కప్పాం. మీ తాత డబ్బా తెరిచి రొట్టె మూడు ముక్కలు చేశాడు. సాయంత్రం ఒలివక్క మొగుడి పేరున తనకొచ్చే వాటా బొగ్గు, తొట్టి అడుగున మిగిలిందంతా, మీ ఇంటి గుమ్మంలో దిమ్మరించి వచ్చింది. మీ అమ్మ దగ్గు తగ్గింది. సమ్మె ఓడిపోయాం, అది వేరే సంగతి. ఓడినా బ్యాండు మేళంతో తిరిగి గనికి నడిచాం, మీ తాత ముందు వరసలో. ఆ ఏల్ బీరు ఎలా ఉందంటావా? చేదుగా, కాల్చిన రొట్టెలా... అలాంటిది మళ్ళీ ఎక్కడా తాగలేదు. ఒలివక్క పోయిన రోజు మీ తాత ఈ కాగు మోసుకొచ్చి...

సరే సరే, ఆవిరి తగ్గింది. రా, వంగు. ఇప్పుడు చెప్పు, ఎవరు కనిపిస్తున్నారు?