చక్రం దగ్గర ఎంత

బ్యాటరీ బండ్లు బాగుచేసే షెడ్డు, మధ్యాహ్నం రెండు దాటింది. ఇస్త్రీ బల్ల మూసేసి వచ్చిన ముసలావిడ ముక్కాలిపీట మీద కూర్చుంది. మెకానిక్ గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటున్నాడు, ఎంతకీ ఆ తుడవడం అవడం లేదు.

"...అట్లా కాదు నాయనా, మొదట్నించీ చెప్పు. డెబ్బై రెండు వోల్టులన్నావు. ఏం డెబ్బై రెండు? దేనికి డెబ్బై రెండు?"

"ఇవన్నీ ఇప్పుడు మీకెందుకు అమ్మమ్మా. టీ తెప్పిస్తాను, తాగండి."

"టీ తాగడానికి రెండు బస్సులు మారి రాలేదు. నాలుగింటికి ఆస్పత్రిలో లోపలికి వదుల్తారు. ఒక్క మనిషినే, అదీ పావుగంట. ఆ వేళకి ఇదంతా నాకు నోటికి రావాలి."

"ఆస్పత్రిలో బండి లెక్కలెవరు అడుగుతారు? పోలీసులేమైనా వచ్చి..."

"పోలీసులకి నాతో ఏం పని. మా మనవరాలికి చెప్పాలి."

"పంతులమ్మకా?"

"దానికే. పందొమ్మిది రోజులైంది కళ్లు తెరిచి. అక్కడి డాక్టరమ్మ చెప్పింది, దానికిష్టమైన మాటలు చెవిలో చెప్తూ ఉండమని. చెవులు పనిచేస్తూ ఉండొచ్చట. వాళ్లమ్మ వెళ్తే ఏడుపే తప్ప మాట రాదు, అందుకని నేను వెళ్తున్నా. చెప్పడానికి నాకేం కొదవ? ఏ ఇంట్లో అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం మానేశారు, ఎవరి చొక్కా ఇస్త్రీ పెట్టెకి కాలింది, మా పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టింది, అన్నీ చెప్పాను. కనురెప్ప కదిలితే ఒట్టు. నిన్న తట్టింది నాకు. అవన్నీ నాకిష్టమైన మాటలు. దానికిష్టమైనవి ఈ షెడ్డులో ఉన్నాయి."

"నేనూ రావాలనే అనుకుంటున్నా అమ్మమ్మా. రోజూ అనుకుంటున్నా. పని తెమలక..."

"పనుంటుందిలే. రెండేళ్లు నీ పక్కన నిలబడి పనిచేసిన పిల్ల. నీకు పనుంటుంది. డెబ్బై రెండు సంగతి చెప్పు."

"మీ డాబా మీద నీళ్ల డ్రమ్ముందా?"

"నీలంది. మూత గాలికి పోయింది."

"అది ఎంత ఎత్తున ఉంటే కింద కుళాయిలో నీళ్లు అంత జోరుగా పడతాయి కదా. ఆ ఎత్తు వోల్టు. డ్రమ్ములో నీళ్లెన్ని ఉన్నాయన్నది ఆంపియర్ అవర్. పంతులమ్మ నడిపే బండికి ఎత్తు డెబ్బై రెండు, నీళ్లు నలభై."

"నలభై అంపేరవరు. ఆ. ఆ మాట నా చెవిలో ఉంది. అది తింటూ చెప్పేది, నేను వడ్డిస్తూ ఊ కొట్టేదాన్ని. మాట ఉండిపోయింది, అర్థమే రాలేదు."

"ఆ రెండూ గుణిస్తే రెండు వేల ఎనిమిది వందల ఎనభై. అంటే కరెంటు మీటర్లో మూడు యూనిట్లకి కాస్త తక్కువ."

"ఆగాగు. నా ఇస్త్రీ పెట్టె గంటకి ఒక యూనిట్టు తాగుతుంది."

"అదే మరి. మీ పెట్టె వెయ్యి వాట్లు, అంటే ఒక కిలోవాటు. ఈ బ్యాటరీ నిండా ఉంటే దాంతో మీరు ఇంచుమించు మూడు గంటలు ఇస్త్రీ చెయ్యొచ్చు."

"మూడు గంటల ఇస్త్రీ. అంతేనా? ఆ మాత్రం కరెంటుతోనా అది కొండలెక్కి దిగింది?"

"అంతే."

"ఇట్లా ఒక్కసారి చెప్పి ఉంటే నాకూ తెలిసేది. చెప్పే ఉంటుందిలే. నేనే, బండి గోల ఆపి తిను అన్నాను. ఎన్నిసార్లన్నానో కూడా నాకు గుర్తే, అదీ ఖర్మ. తర్వాతది చెప్పు. కిలోవాట్లు."

"నాలుగు. గట్టిగా అడిగితే ఎనిమిది."

"ఒక మాట మీద ఉండు. నాలుగా, ఎనిమిదా?"

"రెండూను. వయసులో ఉన్నప్పుడు మీరు రోజంతా ఎంత మూట మోసేవాళ్లు?"

"పది కిలోలు. ఇంటింటికీ తిరిగి."

"ఒక్కసారికి ఎత్తి బల్ల మీద పెట్టాలంటే?"

"ఇరవై ఎత్తేదాన్ని. ఎత్తి, అమ్మా అని నడుం పట్టుకునేదాన్ని."

"మోటారూ అంతే. నాలుగు కిలోవాట్లు అలుపు లేకుండా ఎంతసేపైనా లాగుతుంది. ఎనిమిది కాసేపే, తర్వాత వేడెక్కిపోతుంది. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో ఎనిమిది వేస్తారు, చిన్న అక్షరాల్లో నాలుగు వేస్తారు. మా పంతులమ్మ కొనడానికొచ్చిన వాళ్లని కూర్చోబెట్టి ఆ చిన్న అక్షరాలే చదివించేది. దాని ధర్మమా అని మూడు బండ్లు అమ్ముడుపోలేదు."

"మీ ఓనరు ఊరుకున్నాడా?"

"ఓనర్ని నేనే అమ్మమ్మా."

"అదీ నిజమే. మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను. తను చెప్పింది తప్పైతే కదా అనడానికి."

"తప్పు మాట చెవిన పడితే దానికి ఒళ్లంతా జెర్రులు పాకుతాయి. పుట్టుకతో వచ్చిన రోగం. వీధిలో పంతులమ్మ అని పేరు పెట్టింది ఎవరనుకున్నావు, నేనే. దానికి ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చింది. ఒళ్లు నా పెట్టె కన్నా వేడి. మూడు రోజులు కళ్లు విప్పలేదు. బయట వాన, ఇస్త్రీకొచ్చిన దుప్పట్లు ఆ సాయంత్రానికే ఇళ్లవాళ్లకి తిరిగి ఇచ్చి తీరాలి. దాని మంచం పక్కనే కూర్చుని లెక్కపెట్టి ముప్ఫై ఆరు అన్నాను. మూసిన కళ్లు మూసినట్టే ఉన్నాయి, ముప్ఫై ఏడు అంది."

"ముప్ఫై ఏడేనా?"

"ముప్ఫై ఏడే. ఒకటి దాని మీదే కప్పి మర్చిపోయాను. నవ్వు నాయనా, నవ్వొస్తే నవ్వు. నేనూ అప్పుడు నవ్వాను."

"డాక్టర్లేమంటున్నారు అమ్మమ్మా?"

"రేపు పదింటికి ఇంట్లోవాళ్లందర్నీ రమ్మన్నారు. కూర్చుని మాట్లాడదాం అన్నారు. నిలబడి చెప్పే మాట ఏదైనా ఫరవాలేదు. కూర్చోబెట్టి చెప్తే అది మంచి మాట కాదు. ఈలోపల వేలు కదిలినా, పెదవి కదిలినా, ఏం కదిలినా నర్సుకి చెప్పమన్నారు. ఊపిరి గొట్టం గొంతు దగ్గర పెట్టారు, మాట పైకి వినపడదు గానీ నోటికి ఏమీ అడ్డం లేదు. నోరు ఖాళీగానే ఉంది."

"అంటే ఇవాళ్టి పావుగంటే..."

"ఇవాళ్టి పావుగంటే. అందుకే తొందరపెడుతున్నా. టార్కు చెప్పు."

"టార్కు వదిలెయ్యండి. అది కష్టం. వోల్టులు, కిలోవాట్లు చాలు."

"రోజూ అది చెప్పేదంతా టార్కే. మిగతావన్నీ పక్క వాయిద్యాలు. చెప్పు."

"టార్కంటే మెలితిప్పే బలం. మీరు తడి దుప్పటి పిండుతారు చూడండి..."

"రెక్కలూడిపోతాయి."

"ఆ మెలిలో ఉండేదే టార్కు. కిలోవాటు ఎంత వేగంగా పని అవుతుందో చెప్తుంది. టార్కు ఎంత గట్టిగా తిప్పుతుందో చెప్తుంది. మట్టిలో, గుట్టల మీద, ఆగిన చోట నుంచి కదలాలంటే కావలసింది ఇదే. ఇప్పుడు, మీటరు పొడుగు కడ్డీ ఒకటి అనుకోండి. ఒక చివర చక్రం ఇరుసుకి బిగించాం. రెండో చివర ఇరవై ఒక్క కిలోల బట్టల మూట వేలాడదీశాం. ఆ ఇరుసు మీద పడే మెలి ఎంతో, అది సుమారుగా రెండు వందల పది న్యూటన్ మీటర్లు."

"ఎక్కడ?"

"ఏంటి ఎక్కడ?"

"మోటారు దగ్గరా, చక్రం దగ్గరా? అది ఎప్పుడూ అనేది, ఎక్కడ అని అడగాలి అమ్మమ్మా, అడక్కపోతే మోసపోతాం అని."

"...చక్రం దగ్గర. మోటారు దగ్గర ముప్ఫయ్యే. చిన్న పళ్ల చక్రం నుంచి గొలుసు పెద్ద పళ్ల చక్రానికి వెళ్లేసరికి వేగం తగ్గి బలం ఏడింతలవుతుంది. ముప్ఫైని ఏడుసార్లు వేసుకోండి."

"రెండు వందల పది."

"అంతే. కంపెనీ ఇచ్చిన కాగితంలో కూడా అదే ఉంది. చక్రం దగ్గర రెండు వందల పది."

"కాగితంలో."

"ఆ, కాగితంలో."

"అది రెండు వందల తొంభై అంది."

"మీరు తప్పు విని ఉంటారు."

"నేనా? నాకు అక్షరం ముక్క రాదు గానీ విన్న మాట పోదు. చీటీ లేకుండా, గుర్తు లేకుండా నలభై ఇళ్ల బట్టలు నలభై ఏళ్లు ఇస్త్రీ చేశాను, ఒక్క జేబురుమాలు ఇల్లు మారలేదు. పడిపోవడానికి ముందు రోజు సాయంత్రం వచ్చింది. చెప్పులైనా విప్పలేదు. అమ్మమ్మా, ఇవాళ్టి నుంచి చక్రం దగ్గర రెండు వందల తొంభై, అంది. మొహం వెలిగిపోతోంది. నేనేమన్నానో తెలుసా? నా చెవికి అన్నీ ఒకటే, పోయి కాళ్లు కడుక్కో అన్నాను."

"అమ్మమ్మా, టీ చల్లారిపోతుంది, ముందు..."

"టీ ఇంకా తేనేలేదు నాయనా. ఇవాళ్టి నుంచి అంది. అంటే నిన్న కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం జరిగింది?"

"కంపెనీవాళ్లు మోటారులోకి వెళ్లే కరెంటుకి ఒక హద్దు పెడతారు. కుళాయి సగమే తిరిగేలా బిగించేసినట్టు."

"ఊ."

"ఆ హద్దు తీసెయ్యమంది. క్వారీ వెనక ఎర్ర గుట్ట ఉంది కదా, బండి దాన్ని సగం దాకా ఎక్కి ఆగిపోతోంది, తీసెయ్యి అన్నా, తీసెయ్యి అన్నా అని నెల రోజులు నా ప్రాణం తోడింది. వద్దనే అన్నాను. మొదట వద్దనే అన్నాను. ఆ రోజు నేనే... ల్యాప్‌టాప్ తగిలించి, పది నిమిషాల పని. నేనే తీశాను."

"తీస్తే ఏమవుతుంది?"

"పెట్రోలు బండి గొంతు సవరించుకుని పాడుతుంది. ఇది అట్లా కాదు. పిడి తిప్పిన మొదటి క్షణంలోనే ఉన్న బలమంతా చక్రానికి వచ్చేస్తుంది, చప్పుడు కూడా ఉండదు. తన చెయ్యి రెండు వందల పదికి అలవాటైన చెయ్యి. గుట్ట మధ్యలో ఆగింది. మళ్లీ కదిలించడానికి ఎప్పుడూ తిప్పినంతే తిప్పి ఉంటుంది. ముందు చక్రం లేచిపోయింది. బండి తన మీద... అందుకే రాలేదు అమ్మమ్మా ఆస్పత్రికి. పనుండి కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పనుండి కాదని. నేనొచ్చి అరగంటైంది. అరగంట నుంచి మనిషి చేతులు తుడుచుకుంటున్నాడంటే అది గ్రీజు కాదు."

"తిట్టండి నన్ను. మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి. కొట్టినా పడతాను."

"వేళ లేదు. మూడవుతోంది. తిట్లు నా దగ్గరే ఉంటాయి, ఎక్కడికీ పోవు. కాళ్లు కడుక్కో అన్నదానికి నన్నూ ఎవరో ఒకరు తిట్టాలి, అప్పుడిద్దరం కలిసే తిందాం. ఆ హద్దు తీసేశాక మోటారు దగ్గర ఎంత?"

"నలభై ఒకటి, పైన కాస్త."

"ఏడింతలు?"

"ఏడింతలే. చక్రం దగ్గర రెండు వందల తొంభై."

"మూట?"

"మూట... ఇరవై తొమ్మిది కిలోలు."

"ఎనిమిది కిలోల మూట ఎక్కువేశావు దాని చేతికి."

"అవునమ్మమ్మా. నేనే వేశాను."

"లే నాయనా. నేలమీద కూర్చోకు, ఆయిలుంది. నన్ను ఆస్పత్రి దగ్గర దింపు. బస్సుకి చాలదు."

"దింపుతాను. స్కూటరు మీద మెల్లగా తీసుకెళ్తాను."

"ఎంత దానిది?"

"ఏది?"

"చక్రం దగ్గర."

"అమ్మమ్మా..."

"అట్లా చూడకు. నవ్వకపోతే నేను ఆ మెట్లెక్కలేను. లోపలికి ఒక్కర్నే వదుల్తారు, నువ్వు బయట బల్ల మీద కూర్చో. వాళ్లమ్మ అక్కడే ఉంటుంది. తనతో ఏం చెప్పాలో నువ్వే చూసుకో, నేను అడ్డం రాను. ఇప్పుడు అప్పజెప్తాను, విను. బ్యాటరీ ఎత్తు డెబ్బై రెండు వోల్టులు, నీళ్లు నలభై అంపేరవరు. మొత్తం మూడు గంటల ఇస్త్రీ, కాస్త తక్కువ."

"అవును."

"బలం నాలుగు కిలోవాట్లు, అలుపు లేకుండా. ఎనిమిది, నడుం పట్టుకునే దాకా. పెద్ద అక్షరాలు నమ్మకూడదు."

"అవును."

"టార్కు మోటారు దగ్గర నలభై ఒకటీ చిల్లర. ఏడింతలు. చక్రం దగ్గర రెండు వందల తొంభై. ఎక్కడ అని అడక్కపోతే మోసపోతాం."

"ఒక్క తప్పు లేదు అమ్మమ్మా. ఇంత బాగా ఇక్కడ కొనేవాళ్లెవరూ నేర్చుకోలేదు. పంతులమ్మ వింటే..."

"వింటుందంటావా?"

"...వింటుంది."

"అయితే ఇటు తిరుగు. వెలుతురులోకి రా. ఆ ఆఖరిది నువ్వొకసారి అను."

"ఏది?"

"చక్రం దగ్గరది."

"రెండు వందల తొంభై."

"గొంతు పెట్టకుండా, ఒట్టి పెదాలతో అను."

"..."

"మళ్లీ. ఆ తొంభై దగ్గర పెదాలు కలుస్తున్నాయి కదా? కలిసి విడిపోతున్నాయి. పది అన్నా కలుస్తాయి, కానీ ముందే కలుస్తాయి. ఏదీ, ఇంకొక్కసారి."

"ఎందుకమ్మమ్మా? సరిగ్గా వచ్చేసింది కదా మీకు. వెళ్లి అట్లాగే చెప్పెయ్యండి."

"అట్లా ఎట్లా చెప్తాను నాయనా. నేను వెళ్లి దాని చెవిలో రెండు వందల పది అంటాను. తప్పు చెప్తే అది ఊరుకోదు."