బొమ్మొచ్చిందా?

నందిగామలో వాళ్లింటికి కొత్త టీవీ వచ్చిన సాయంత్రం. మొగుడు డాబా మీద యాంటెన్నా తిప్పుతుంటే, పుష్పవతి కింద టీవీ ముందు కూర్చుంది. పక్క డాబా ఆయన అన్నగారిది. పొలం గట్టు తగాదా అయినప్పట్నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు.

“బొమ్మొచ్చిందా?”

“అన్నీ చుక్కలేనండీ. ఇంకాస్త తిప్పండి.”

“ఇప్పుడో?”

“ఊహూఁ. బావగారు మొన్నేగా బిగించుకున్నారు, ఆయన్నడగండి.”

“ఆయన్నా? చచ్చినా అడగను.”

“అయితే చుక్కలే చూద్దాం లెండి.”

పైన యాంటెన్నా గొట్టం మరో రెండుసార్లు కిర్రుమంది.

“అన్నయ్యా... ఇది ఎటు తిప్పాలి?”

“ఉండరా, వస్తున్నా.”

పిట్టగోడ దాటిన అడుగుల చప్పుడు వినబడింది.

టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఇందాకట్నుంచీ చక్కగా కనబడుతూనే ఉంది. సౌండు ఎప్పుడో తగ్గించేసిన పుష్పవతి, “ఇంకా రాలేదండీ!” అని కేకేసి, ఇద్దరికీ కాఫీ కలపడానికి లేచింది.