ముందే పెట్టిన కండెలు

2003 వేసవిలో ఒక మధ్యాహ్నం, ధర్మవరం స్టేషన్‌లో తల్లీకూతుళ్ళు బెంగళూరు రైలు కోసం కూచున్నారు. తల్లి పట్టుమగ్గాలకు నేతదారం కండెలు చుట్టే మనిషి. కూతురు వానల రాకను కంప్యూటర్లతో లెక్కగట్టే ఇంజనీరు.

“వచ్చినప్పట్నుంచి సరిగ్గా అన్నం తినలేదు. ఏమైంది పాపా?”

“అరవై కంప్యూటర్లు కలిసి పనిచేస్తాండాయి మా. అయినా రేపటి వాన లెక్క ఎల్లుండికి తేలుతాండాది. ఈ వారంలో సరిచేయకపోతే మా పనే ఆపేస్తామన్నారు.”

“కంప్యూటర్లు నిదానమా?”

“కాదు. సమాచారమంతా ఒకే డిస్కులో ఉండాది. అన్నీ దానికాడ వరసలో నిలబడి ఊరికే కాచుకుంటాయి.”

“కండె అయిపోయినప్పుడల్లా నేసేవాళ్ళు లేచి నాకాడికొస్తే మగ్గాలు ఆగవా? అందుకే తెల్లారగానే ఆ దినానికి కావలసినన్ని కండెలు ప్రతి మగ్గం పక్కనా పెట్టేస్తా.”

ప్రతి కంప్యూటర్లోనూ ఒక చిన్న డిస్కు ఖాళీగా పడుందని కూతురికి గుర్తొచ్చింది.

“ఏ మగ్గానికి ఏవి కావాలో ముందే ఎట్ల తెలుస్తాది మా?”

“ముందుదినమే అడిగి పెట్టుకుంటా.”

ఆ శుక్రవారం కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది.

“మా, ఏ కంప్యూటరుకు కావలసింది దాని చిన్న డిస్కులోనే ముందే పెట్టేసినా. లెక్క ఐదు గంటల్లో తేలింది. పని ఆపరంట.”

“మంచిది పాపా.”

“ఉపాయం ఎవరిదని మా సారు అడిగినాడు. మా అమ్మదని చెప్పినా.”

“నేనేం చేస్తానని చెప్పినావు?”

“ఇరవై మగ్గాలు ఆగకుండా చూస్తాదని.”



“ఇరవై కాదులే, ఇరవై నాలుగు,” అంది తల్లి.