మేడ మీది వాన

తోటకు నీళ్ళు వదిలే టైమరు పెట్టె మూడు రోజులుగా పనిచేయడం లేదు. మెకానిక్ మేడ ఎక్కాడు. వెనకే కోడలు ఎక్కింది.

“పెట్టె బాగానే ఉందమ్మా. వాన పడుతోందనుకుని నీళ్ళు ఆపేస్తోంది.”

“ఈ ఎండలో వానేమిటండీ! మా అత్తయ్యే స్విచ్ కట్టేస్తున్నారు. ఆ మాటంటే అలిగి, నాతో మాట్లాడటమే మానేశారు. అక్కడ నా టమాటా మొక్కలు వాడిపోతున్నాయి.”

“వానను పసిగట్టే సెన్సరు ఇదేనమ్మా. తడిసి ముద్దయింది చూడండి. దీని మీదుగా దండెం ఎవరు కట్టారు?”

“నేనే... సోమవారం. పిండకుండా ఆరేస్తే చీరలు ముడతలు పడవని.”

“ఆ కారే నీళ్ళే దీనికి వాన. దండెం జరిపేయనా?”

“జరపండి. కాస్త మా అత్తయ్యకు కూడా మీరే చెప్పి...”

“అమ్మో, అది నా పని కాదమ్మా!”

ఆమె పిట్టగోడ మీదుగా కిందికి వంగింది.

“అత్తయ్యా, దొంగ దొరికింది! నేనే!”